బుఖారా మా పుట్టిల్లు కాదు

వచ్చే వసంతంలో ఓ పది రోజులు ఉజ్బెకిస్తాన్ చూసి రావాలని మా ఇంట్లో అనుకున్నాం. ఇంత చిన్న మాట మీద ఇంత రాద్ధాంతం జరుగుతుందని అనుకోలేదు. పక్కింటివాళ్లు కిందటేడు థాయిలాండ్ వెళ్లొచ్చారు. ఎందుకెళ్తున్నారని వాళ్లనెవరూ అడగలేదు, ఏం తెచ్చారని మాత్రం అడిగారు. మేం ఉజ్బెకిస్తాన్ అన్నామో లేదో, అందరికీ మా పుట్టుక గుర్తొచ్చింది.

ఆఫీసులో ఒక మిత్రుడు నవ్వుతూ "సొంతూరికి వెళ్తున్నారన్నమాట" అన్నాడు. మంచివాడే. మా ఇంట్లో రంజాన్ హలీం, బక్రీద్ బిర్యానీ తిన్నవాడే. కానీ ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో! పాకిస్తాన్ పొమ్మనడం మాకు అలవాటే. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు మేం బడికెళ్లే పిల్లలం. 'బాబర్ ఔలాద్' అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాం. బాబరు ఎవరో, ఔలాద్ అయితే ఏం తప్పో అర్థంకాక ఇంటికొచ్చి అడిగాం. అబ్బా జవాబు చెప్పలేదు. దీపం చిన్నది చేసి పడుకోమన్నాడు.

ఇక ఇంట్లో మా పెద్ద ఫుప్పీ. ఆమెకి ఆనందం పట్టలేదు. "మన ఖాందాన్ బుఖారా నుంచే కదా బేటా, అక్కడి మట్టి గుప్పెడు తీసుకురా" అంది. ఆఫీసు మిత్రుడు ఎగతాళిగా అన్నదాన్నే ఫుప్పీ గర్వంగా అంది. మేం మొదట గమనించలేదు గానీ ఇద్దరి మాటా ఒకటే. మీరు ఇక్కడివాళ్లు కాదని ఆయనంటాడు, అవును కాదని ఈమె మురిసిపోతుంది.

మూడో మాట ఎర్రజెండా మిత్రుడిది. ఆయన దృష్టిలో సమర్‌ఖండ్ అంటే తైమూర్ కాదు, ట్రాక్టరు. మా అబ్బా పెట్టెలో కూడా పాత 'సోవియట్ భూమి' సంచికలుండేవి. నిగనిగలాడే కాగితం మీద పత్తి చేలు, జడలల్లుకున్న ఉజ్బెక్ అమ్మాయిలు, నవ్వే సామూహిక క్షేత్రాల ముసలాళ్లు. ఆ కాగితంతో పుస్తకాలకి అట్టలు వేసుకుని పెరిగినవాళ్లం కాబట్టి మాకూ ఆ దేశం మీద ఒక మమకారం. ఆ పత్తికోసం నదుల్ని మళ్లించడం వల్ల ఆరల్ సముద్రం ఎండిపోయిందని ఆ కాగితాలు చెప్పలేదు. మసీదులకి తాళాలేసి గోదాములు చేశారనీ చెప్పలేదు. తాష్కెంట్ అంటే ఈ దేశంలో చాలామందికి 1966 జనవరి గుర్తొస్తుంది, ఒప్పందం మీద సంతకాలైన మర్నాడు లాల్ బహదూర్ శాస్త్రి అక్కడే కన్నుమూశారు. అదే ఏడు ఏప్రిల్‌లో భూకంపం వచ్చి పాత తాష్కెంట్ చాలావరకు నేలమట్టమైంది. ఇవాళ మనం దిగే నగరం ఆ తర్వాత కట్టుకున్నది.

ఇన్ని మాటల మధ్య మా చేతిలో ఉన్నది ఒక ప్రయాణాల కంపెనీ వేసిన రంగుల కరపత్రం. విమర్శకి అదేం పుస్తకమా అంటారేమో. చదివేవాళ్ల సంఖ్య చూస్తే మన విమర్శ పుస్తకాలన్నీ దాని ముందు దిగదుడుపే. పైగా మేం కూడా ఆదివారం అనుబంధాలకి ఇలాంటి వ్యాసాలు రాసినవాళ్లమే. 'నీలి గుమ్మటాల నగరం', 'చరిత్ర నిద్రలేచే వేళ' లాంటి శీర్షికలు పెట్టినవాళ్లమే. కాబట్టి ఈ విమర్శలో మా వాటా మాకుంది.

కరపత్రంలో ప్రతి వాక్యానికీ కర్త ఒక రాజు. తైమూర్ కట్టించెను, ఉలుగ్ బేగ్ కట్టించెను. ముస్లిం యాత్రికులకోసం అదే కంపెనీ వేసిన ఇంకో కరపత్రం ఉంది. అందులో ఇమామ్ బుఖారీ సమాధి ముందుకొస్తుంది, రాజులు కాస్త వెనక్కి తగ్గుతారు, 'మన వైభవం' అనే మాట నాలుగుసార్లొస్తుంది. రెండింట్లోనూ మట్టి కలిపినవాడు లేడు. ఇటుక కాల్చినవాడు లేడు.

సమర్‌ఖండ్‌లో రిజిస్తాన్ చౌకు చుట్టూ మూడు మదర్సాలున్నాయి. ఉలుగ్ బేగ్ మదర్సా 1417 నుంచి 1420 దాకా కట్టారు. దానికెదురుగా షేర్‌దార్ మదర్సా రెండు వందల ఏళ్ల తర్వాతది, 1619లో మొదలై 1636లో పూర్తయింది. మధ్యలోది తిల్లా కారీ, 1646లో మొదలైంది. రాయి దొరకని నేల కాబట్టి అంతా ఇటుక పని. ఇటుక రంగు ఎండిన గోధుమ గడ్డిలా ఉంటుంది. దాని మీద నీలం పెంకులు. గాజు పూసిన ఇటుకల్నీ మామూలు ఇటుకల్నీ వరసలు మార్చి పేర్చి దూరాన్నుంచి అక్షరాలు కనపడేట్టు చేస్తారు. ఇంకొక పద్ధతిలో పెంకుని కాల్చాక ఉలితో ముక్కలు కోసి, పువ్వు రేకునీ తీగనీ విడివిడిగా తీర్చి సున్నంలో అతుకుతారు. ఒక్క గుమ్మానికి ఎన్ని వేల ముక్కలు పడతాయో ఊహించండి. ఆ ముక్కలు కోసినవాడి వేళ్లు ఎన్నిసార్లు తెగి ఉంటాయో కరపత్రంలో ఎందుకుంటుంది?

షేర్‌దార్ గుమ్మం మీద ఇంకో వింత ఉంది. పులిచారలున్న రెండు సింహాలు జింకల్ని తరుముతుంటాయి. వాటి వీపు వెనక సూర్యుడు. ఆ సూర్యుడికి మనిషి మొహం. అది మదర్సా గుమ్మం! ఇస్లాంలో బొమ్మ హరామని ఒక్క ముక్కలో తేల్చేసే మా మౌల్వీలూ, ముస్లింలకి బొమ్మంటే పగ అని తేల్చేసే అవతలివాళ్లూ ఇద్దరూ ఆ గుమ్మం కింద కాసేపు నిలబడితే బాగుంటుంది.

బొమ్మల మాట వచ్చింది కాబట్టి ఏటికొప్పాక మాట చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం మేం రాయాల్సిన పనే లేదు.

మా దాదా నర్సీపట్నం రోడ్డు స్టేషను దగ్గరివాడు. అడ్డరోడ్డు నుంచి వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకి నడిచిపోయేవాడు. అక్కడి లక్కపిడతలు, బొంగరాలు, భరిణెలు గోనెసంచిలో వేసుకుని చుట్టుపక్కల తీర్థాలకీ ఉరుసులకీ తిరిగి అమ్మేవాడు. తీర్థంలో 'సాయిబు బొమ్మలు' అనేవారట. చేసినవాళ్లు సాయిబులు కాదు, అమ్మినవాడు సాయిబు. ఇదీ ఫుప్పీ చెప్పే బుఖారా ఖాందాన్! ఆమె తప్పేం లేదు. బీదరికానికి దూరపు ఊరి పేరు పెట్టుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది. మా వాళ్లలో ఎంతమంది ఈ పని చేశారో! ఊళ్లో మాదిగవాడలోంచో సాలెవీధిలోంచో కలిమా చదివిన ముత్తాతని మర్చిపోయి, ఎన్నడూ చూడని సమర్‌ఖండ్ గుర్రపు రౌతుని తెచ్చుకున్నారు. దూది ఏకి బతికిన నూర్‌బాషాల్ని, ఇంట్లో తెలుగు మాట్లాడతారన్న కారణానికి సగం తురకలని వెక్కిరించింది అవతలివాళ్లొక్కరేనా? మేం వెక్కిరించలేదా? వాళ్లింటికి పిల్లనివ్వడానికి వెనకాడలేదా?

2007లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకి 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. సయ్యద్, మొగల్, పఠాన్, ఇరానీ, అరబ్ లాంటి వర్గాల్ని ఆ చట్టం మినహాయించింది. అప్పట్నుంచి కొన్ని ఇళ్లలో చరిత్ర రెండు ముక్కలైంది. నిఖా సంబంధం మాట్లాడేటప్పుడు బుఖారా, తాసీల్దారు దగ్గర సర్టిఫికెట్ అడిగేటప్పుడు అడ్డరోడ్డు. నవ్వొచ్చే విషయమే గానీ నవ్వి ఊరుకునేది కాదు. నిజం చెప్పడానికి ఒక కాగితం అవసరం వచ్చిందంటే, అంతకుముందు ఆ నిజం చెప్పుకోడానికి మాకు సిగ్గేసిందని అర్థం.

నిజంగా అటునుంచి వచ్చినవాళ్లు లేరని కాదు. ఉన్నారు. నిజాం వంశానికి మూలపురుషుడు ఖ్వాజా ఆబిద్ కిలిచ్ ఖాన్ సమర్‌ఖండ్ ప్రాంతం వాడే. ఔరంగజేబు సైన్యంతో వచ్చి 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. ఆయన సమాధి హైదరాబాదు శివార్లలో హిమాయత్‌సాగర్ దగ్గరుంది. ఇందులో చూడాల్సిందేమిటి? సమర్‌ఖండ్ నుంచి వచ్చిన ముసల్మాను గోల్కొండ ముసల్మానుతో యుద్ధానికొచ్చి చచ్చిపోయాడు. 'వాళ్లంతా ఒకటే' అనే సిద్ధాంతానికి ఆ సమాధి దగ్గర జవాబు దొరుకుతుంది. అలా గుర్రమెక్కి వచ్చినవాళ్లు పిడికెడు. మిగతా మేమంతా ఈ మట్టిలో మొలిచినవాళ్లం.

బాబరు సంగతి ఇంకా తమాషా. ఆయన 1483లో ఫర్గానా లోయలోని అందిజాన్‌లో పుట్టాడు. అది ఇవాళ ఉజ్బెకిస్తాన్‌లో ఉంది, నిజమే. కానీ ఆయన్ని సమర్‌ఖండ్ నుంచి 1501లో తరిమేసింది ఎవరు? షైబానీ ఖాన్ నాయకత్వంలోని ఉజ్బెకులు. తన ఆత్మకథ నిండా బాబరు వాళ్లని తిట్టిపోశాడు. బాబరు దేశం ఉజ్బెకిస్తానంటే ముందు బాబరే ఒప్పుకోడు. పోనీ హిందూస్తాన్‌లో సుఖపడ్డాడా అంటే అదీ లేదు. ఇక్కడ మంచి ఖర్బూజా దొరకదని మొత్తుకున్నాడు. కాబూల్ నుంచి తెప్పించిన ఖర్బూజా కోస్తుంటే కన్నీళ్లొచ్చాయని రాసుకున్నాడు. ఆ కన్నీళ్లు ఆయనవి. ఏటికొప్పాక పక్కన పుట్టి తాటిముంజలు తిని పెరిగిన మేం ఆ కన్నీళ్లకి వారసులమెలా అవుతాం?

అదే ఆత్మకథలో ఒక లెక్క ఉంది. తైమూరు 1398లో ఢిల్లీని కొల్లగొట్టి వెళ్తూ ఏనుగుల్ని, పనివాళ్లని కూడా తోలుకుపోయాడు. మర్నాటి ఏడు సమర్‌ఖండ్‌లో బీబీ ఖానుమ్ మసీదు మొదలైంది. ఆ రాతిపనిలో ఆజర్‌బైజాన్, ఫార్స్, హిందూస్తాన్‌ల నుంచి తెచ్చిన రెండు వందలమంది పనిచేశారని జఫర్‌నామా రాసిన షరఫుద్దీన్‌ని ఉటంకిస్తూ, ఆగ్రాలో నా కట్టడాల మీద ఒక్క ఆగ్రా రాతిపనివాళ్లే రోజుకి 680 మంది పనిచేస్తున్నారని బాబరు గొప్పగా చెప్పుకున్నాడు. గొప్ప చెప్పుకోడానికే అయినా లెక్క చెప్పాడు. మన కరపత్రాలు ఆపాటి కూడా చెప్పవు. బందీలుగా పోయిన హిందూస్తానీల చేతిపని అక్కడుంది. వాళ్లలో ఏ మతం వాళ్లెంతమందో ఎవరు రాశారు గనక! మా ఫుప్పీ గుప్పెడు మట్టి తెమ్మంది. ఆ గుప్పెట్లో ఇటునుంచి పోయినవాళ్ల చెమట కూడా ఉంటుందని ఆమెకెలా చెప్పడం?

ఇంకో సంగతి. ఇవాళ సమర్‌ఖండ్‌లో కనిపించే 'పాతది' అంతా పాతది కాదు. బీబీ ఖానుమ్ 1897 భూకంపంలో బాగా కూలింది, ఇప్పుడున్న ఆ ఎత్తైన రూపంలో చాలా భాగం 1970ల తర్వాత తిరిగి కట్టింది. ఉలుగ్ బేగ్ మదర్సా మీనారు ఒకటి వాలిపోతే 1932లో సోవియట్ ఇంజనీర్లు తిప్పి నిటారుగా నిలబెట్టారు. అందులో మాకు అభ్యంతరం లేదు, అది కూడా పనిమంతుల పనే. అభ్యంతరం షహ్రిసబ్జ్ గురించి. తైమూరు పుట్టిన ప్రాంతంలోని ఆ ఊళ్లో పాత మహల్లాలు పడగొట్టి, రాజు విగ్రహం చుట్టూ పచ్చిక వేసి, రాళ్లబాటలు పరిచారు. 2016లో యునెస్కో ఆ ఊరిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో పెట్టింది. జనం ఉండే ఇళ్లు పోయి రాజు ఒక్కడే మిగిలాడు. తాష్కెంట్ నడిబొడ్డున ఒకప్పుడు మార్క్స్ విగ్రహం ఉన్నచోట 1990ల్లో గుర్రం మీద తైమూరు వచ్చి కూర్చున్నాడు. అస్తిత్వం వెతుక్కునే వాళ్లకి రాజే ఎందుకు ముందు దొరుకుతాడు? ఈ ప్రశ్న వాళ్లకే కాదు, మాకూ, పేర్లు మార్చి ఊళ్లని రాజుల పేర చెప్పుకునే మన దేశానికీ కూడా.

ఈ ప్రశ్నలన్నీ బుర్రలో పెట్టుకుని కిందటి నెల ఏటికొప్పాక వెళ్లాం. మా అబ్బా స్నేహితుడి ఇంటి అరుగు మీద కూర్చున్నాం. ఆయన బొమ్మల పనివాడు, వయసు డెబ్భై దాటింది. ఈ ఊరి బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రసాయన రంగులు మాని మళ్లీ ప్రకృతి రంగులకి రావడానికి పాటుపడిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఈ బొమ్మలే ఊరేగాయి. అరుగు మీద మాత్రం పాత కాలమే. అంకుడు కర్ర ఎండబెట్టి ఉంది. తరిణెకి ఇప్పుడు కరెంటు మోటారు పెట్టారు, అదొక్కటే తేడా. తిరిగే కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. పసుపు నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ ఎరుపు, నీలిమందు నుంచి నీలం. చివర మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. మొగలి ఆకుకీ మొగలాయీలకీ ఏ సంబంధమూ లేదు గానీ, ఆ రోజు ఆ మాట వింటే మాకు నవ్వాగలేదు.

"ఏటి బాబూ, ఎక్కడికో ఎల్తన్నారంట?" అన్నాడు పెద్దాయన.

కరపత్రం చేతికిచ్చాం. గూర్ ఎ అమీర్ బొమ్మ దగ్గర ఆగాడు. తైమూరు సమాధి మీది గుమ్మటం అది, నిలువునా పొంగిన చారలతో నీలంగా ఉంటుంది. దాన్ని దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశాడు.

"కుంకుమ భరిణి మూత కదేటిది? తరిణి మీద తీసినట్టే ఉంది. ఎవులు సేసారు?"

"తైమూర్ అని ఒక రాజు" అన్నాం.

"రాజుకి తాపీపని వొచ్చా?"

ఈ ప్రశ్న తెలుగువాళ్లకి శ్రీశ్రీ నేర్పాడని మేం బీయేలో చదువుకున్నాం. పెద్దాయన శ్రీశ్రీని చదవలేదు. చదవాల్సిన పనీ లేదు, ఆయన చేసిన బొమ్మల మీద ఎప్పుడూ ఆయన పేరు లేదు.

అక్కడే మా ప్రయాణం మారింది. రద్దు కాలేదు, మారింది. అంతకుముందు కాగితం మీద రాసుకున్న వరస ఏమిటంటే తాష్కెంట్ ఒకరోజు, సమర్‌ఖండ్ మూడు, బుఖారా మూడు, ఖీవా రెండు, తిరుగు ప్రయాణం. ఢిల్లీ నుంచి తాష్కెంట్ విమానంలో మూడు గంటల దూరమే. వీసా ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో తీసుకోవచ్చు. తాష్కెంట్ నుంచి సమర్‌ఖండ్, బుఖారాలకి అఫ్రాసియాబ్ అనే వేగం రైలుంది. ఎండాకాలం అక్కడ మన రామగుండంలా మండుతుంది కాబట్టి ఏప్రిల్, లేదంటే సెప్టెంబరు చివర. ఈ ఏర్పాట్లలో లోటేం లేదు. లోటు చూపులో ఉంది. కట్టించినవాణ్ణి చూడ్డానికి బయల్దేరాం, కట్టినవాణ్ణి వదిలేశాం.

కొత్త వరసలో ఖీవా పోయింది. నొప్పిగానే ఉంది, ఆ మట్టిగోడల ఊరు చూడాలని చిన్నప్పట్నుంచీ ఆశ. దాని బదులు ఫర్గానా లోయ చేర్చాం. బాబరు కోసం కాదు, మర్గిలాన్ కోసం, రిష్తాన్ కోసం. మర్గిలాన్‌లో పట్టు నేస్తారు. నూలుని ముందే ముళ్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గానికెక్కిస్తారు. ఆ పనికి వాళ్ల మాట అబ్ర్‌బంది, అంటే మబ్బు కట్టడం. అంచులు చెదిరిన ఆ రంగులు నిజంగా మబ్బుల్లానే ఉంటాయి. ఇదే పని పోచంపల్లి, పుట్టపాక, చీరాలల్లో ఎవరు చేశారు? పద్మశాలీలు చేశారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చారన్న తగువు మాకొద్దు. ముడి వేయడం తెలిసిన వేళ్లు రెండు చోట్లా ఉన్నాయి. రిష్తాన్ కుమ్మరుల నీలం పళ్లేలు చూడాలి. మా ఊళ్లో కుమ్మరి సారె, తరిణె, వాళ్ల సారె, అన్నీ తిరిగేవే కదా.

బుఖారా వదల్లేదు. పదో శతాబ్దపు సామానీల సమాధి అక్కడుంది. చిన్న కట్టడం, రంగు పెంకు ఒక్కటి లేదు, వట్టి ఇటుకని చాపలా అల్లారు. మాకు ఫోటోల్లో అన్నిటికన్నా నచ్చిందది. ఊరి బయట బహావుద్దీన్ నక్ష్‌బంద్ దర్గా ఉంది. సూఫీ సిల్‌సిలాల్లో నక్ష్‌బందీ పేరు మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. నక్ష్‌బంద్ అంటే ఏమిటో ఎంతమందికి తెలుసు? నక్ష్ కట్టేవాడు, అంటే బట్ట మీద పూలూ తీగలూ తీర్చే పనివాడు. ఔలియా పేరులోనే ఒక వృత్తి ఉంది. ఆ నక్ష్ నుంచే మన నక్షా, నకాషీ. చేర్యాల పటాలు గీసే నకాషీ కుటుంబాలు హిందువులు, వాళ్లు గీసేది కులపురాణాలు, వాళ్ల పని పేరు అరబ్బీ నుంచి వచ్చింది. తెలుగులో 'నగిషీ చెక్కడం' అంటున్నప్పుడు ఎవరూ అది తురకమాట అని ఉమ్మేయరు. బజారు, దస్త్రం, పలావు, ఇవన్నీ కొద్దిపాటి తేడాతో ఉజ్బెక్ వాళ్లు కూడా అనే మాటలే. పనిమంతుణ్ణి వాళ్లు హునర్‌మంద్ అంటారు, మా ఇంట్లోనూ అదే మాట. ఇన్ని మాటలు నోట్లో పెట్టుకున్న తెలుగువాడు సమర్‌ఖండ్ వెళ్తే విహారయాత్ర, మేం వెళ్తే సొంతూరి ప్రయాణం. ఇదెక్కడి లెక్క?

ఇమామ్ బుఖారీ గురించి కూడా ఒకమాట. ఆయన 810లో బుఖారాలో పుట్టాడు, 870లో సమర్‌ఖండ్ దగ్గర చనిపోయాడు. ఆయన సేకరించిన హదీసుల్లోనే, హజ్రత్ ఆయిషా బొమ్మలతో ఆడుకునేవారని, నేస్తాలు కూడా వచ్చి ఆడేవారని, ప్రవక్త అభ్యంతరపెట్టలేదని ఉంది. మా పిల్లల చేతిలో ఏటికొప్పాక బొమ్మ చూసి పారేయమన్న ఒక పెద్దమనిషికి ఈ సంగతి చెప్పాం. ఆయన అంతకుముందే బుఖారా జియారత్‌కి వెళ్లొచ్చాడు. సమాధి చూశాడు, కితాబు చూడలేదు.

ఇక హైదరాబాదు. ప్రయాణానికి ముందు ఒకరోజు బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో గడపాలని పెట్టుకున్నాం. 1590ల్లో కట్టింది, గోడలకి పెంకుల పని 1611 నాటికి చేశారు. మధ్య ఆసియా, ఇరాన్‌ల పద్ధతే. కానీ ఆ పెంకుల్లో అమర్చిన రూపం అలం, అంటే మన పీరు. ఆవాల పువ్వులాంటి పసుపు రంగు అక్కడి నీలాన్ని పక్కకి నెట్టేస్తుంది. 1908 మూసీ వరదలో కిందిభాగం పెంకులు పోతే, ఎవరో పనివాళ్లు అదే నమూనాని గోడ మీద రంగులతో గీసి అతికించినట్టు చేశారు. దగ్గరికెళ్తే గానీ తెలీదు. గోల్కొండ సమాధుల దగ్గర గుమ్మటాలు చూడండి, మొదలు చుట్టూ తామరరేకులు విచ్చుకుని ఉంటాయి, వాటిలోంచి గుమ్మటం లేస్తుంది. గుమ్మటం ఆలోచన అటునుంచి వచ్చి ఉండొచ్చు. డంగుసున్నం ఇక్కడిది, తామర ఇక్కడిది, సున్నం నూరిన ఆడవాళ్లు ఇక్కడివాళ్లు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చాక మా మీద పడ్డ అనుమానం గురించి తెలుగులో చాలా కవిత్వం వచ్చింది, రావాల్సిందే. కానీ మా చేతుల గురించి, మేం నూరిన సున్నం, ఏకిన దూది, పూసిన కళాయి, మోసిన గోనెసంచి గురించి విమర్శ ఇంకా రావాల్సినంత రాలేదు. వైభవం గురించి రాసినప్పుడల్లా మేం మళ్లీ గుర్రమెక్కి కూర్చుంటున్నాం.

ఆ సాయంత్రం పెద్దాయనకి ఇంకో ఫోటో చూపించాం. బేషిక్ అంటారు దాన్ని, ఉజ్బెక్ ఉయ్యాల. కమ్మీలన్నీ తిప్పుడు పనితో తీసి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలు వేస్తారు. తొలి మనవడు పుడితే అమ్మమ్మగారి ఇంటినుంచి దాన్ని తీసుకొస్తారు, పెద్ద వేడుక చేస్తారు. ఈ సంగతి చెప్పగానే లోపల్నుంచి పెద్దాయన భార్య కూడా వచ్చి చూసింది. "మనకీ అంతే కదా, పురుడు పుట్టింటిదే" అంది.

పెద్దాయనకి వేడుక పట్టలేదు. ఫోటో మీద గోటితో గీస్తూ కూర్చున్నాడు.

"ఇది లక్క కాదు, రంగు పూసారు. కర్రేటో తెల్దు. ఈ గిల్లలు సూసారా, మద్దిన సన్నగా తీసి మల్లీ లావు సేసాడు. ఎంత సన్నమో పొటోలో తెలీదు."

లోపలికెళ్లి పురికొస తెచ్చాడు. మూరెడు తెంపి మా చేతిలో పెట్టాడు.

"బాబూ, ఆ ఉయ్యాల దగ్గరికెల్లినప్పుడు సన్నంగున్న సోట ఓపాలి సుట్టి ముడేసి తెండి. లావుగున్న సోట ఇంకో ముడి. రెండూ సాలు."

ఆ పురికొస ఇప్పుడు పాస్‌పోర్టులున్న కవరులో ఉంది. ఫుప్పీ మట్టి కోసం ఇచ్చిన జరీ సంచీ కూడా అందులోనే ఉంది. పాస్‌పోర్టు విచారణకొచ్చినాయన ఎందుకెళ్తున్నారని అడిగాడు. ఉయ్యాల కొలతలు తేవడానికి అన్నాం. రాసుకోలేదు.